చెప్పులు తొడ కింద పెట్టుకున్న మనిషి

దయ్యాలను నమ్మేంత తీరిక నాకు ఎప్పుడూ లేదు. ముంబైలో ఒక పెద్దాసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరయ్యాను. పోయినవాళ్ళ కళ్ళు మూశాను, దవడలకు గుడ్డ కట్టాను, వేళ్ళకున్న ఉంగరాలు తీసి ఇంటివాళ్ళ చేతిలో పెట్టాను. వాళ్ళలో ఒక్కరూ లేచి నన్ను పలకరించలేదు. శవాల గది బయట బెంచీ మీద కూర్చుని డబ్బా విప్పి అన్నం తిన్నదాన్ని నేను. ఇది చదివి "పాపం పెద్దావిడ, ఏదో భ్రమ పడింది" అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మీ జాలి నాకు అక్కర్లేదు.

నా పేరు బాలమణి. పుట్టింది, పెరిగింది, ముసలిదాన్నయింది కామాటిపురలోనే. గల్లీ నంబరు మాత్రం చెప్పను. చెబితే పెదవి చివర ఒక నవ్వు నవ్వుతారు. ఆ నవ్వు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బడిలో చూశాను, గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట టాక్సీవాళ్ళ మొహాల్లో చూశాను, పాలమూరు నుంచి నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళివాళ్ళ మొహాల్లో చూశాను. ఆ తర్వాత పెళ్ళి మాట నేనే వద్దన్నాను. మా తాతలు ఈ ఊరికి వచ్చి రాళ్ళు మోసి, సున్నం కలిపి, మేడలు కట్టారు. కామాటీలు, అంటే ఈ పని చేసే కూలీలు, ఉన్న చోటు కాబట్టి దీనికి ఆ పేరు వచ్చింది. ఆ సంగతి ఎవరికీ పట్టదు, లోకానికి తెలిసింది సానికొంపల వీధి అని మాత్రమే.

ఆ నవ్వును దేశమంతా పంచిపెట్టింది సినిమాలేనని నా నమ్మకం. అందుకే నేరాల సినిమాలంటే నాకు ఒళ్ళు మంట. ఒక్కటీ పూర్తిగా చూసింది లేదు, అయినా తిట్టడం ఎప్పుడూ మానలేదు.

మా గదిలో మేం నలుగురం ఉంటాం. నేను, మా చిన్న తమ్ముడు యాదగిరి, వాడి భార్య సుజాత, వాళ్ళ కూతురు కావ్య. కావ్య ఆఫీసులో పనిచేస్తుంది. దాని మాట సగం మరాఠీ, సగం హిందీ. తెలుగు నాతో దెబ్బలాడటానికి మాత్రం వాడుతుంది. నా మోకాళ్ళు అరిగిపోయి మెట్లు దిగడం మానేశాక, ఊరికే కూర్చుని అందరినీ సాధిస్తున్నానని అదే ఒక ఉపాయం చేసింది.

"చూడకుండనే తిడ్తవ్ అత్తా. ఒక్కసారి చూసి తిట్టు, చలేగా. అవార్డులొచ్చినయే పెట్టిస్త" అంది.

సరే, కడుపునిండా తిట్టుకుందామని ఒప్పుకున్నాను. టీవీలో వరసగా పెట్టి ఇచ్చింది. మన దేశానివి, పై దేశాలవి, పాతవి, కొత్తవి. మధ్యాహ్నం వంట అయిపోయి, నల్లా ఆగిపోయి, యాదగిరి, కావ్య పనులకు వెళ్ళిపోయాక మొదలుపెట్టేదాన్ని. సుజాత పక్కన కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ ఒక కన్ను ఇటు వేసేది. కింద సంచుల కార్ఖానా మిషన్ల చప్పుడుకు మాటలు సరిగ్గా వినపడేవి కావు. పెద్దగా పోయేదేమీ లేదు.

ఒకడు మనిషిని చంపి టీ తాగుతాడు. ఇంకొకడు టీ తాగి మనిషిని చంపుతాడు. పోలీసువాడు కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తాడు. దీనికి అవార్డు. శవం ఊపిరి తీసుకుంటుంటే నాకు ఇట్టే తెలిసిపోయేది. పొద్దున పొడిచిన మనిషి రక్తం సాయంత్రానికి కూడా ఎర్రగానే ఉంటుంది, ఎండి నల్లబడదు. ఇంత పెద్ద చదువులు చదివి సినిమాలు తీసేవాళ్ళు ఒక్కసారి మా వార్డుకు వచ్చి చూడొచ్చు కదా అని కోపం వచ్చేది. ఇక కామాటిపుర అని చూపించిన ప్రతి చోటా ఒక్క తెలుగు కుటుంబం లేదు. ఒక్క ఆడది బాల్చీ పట్టుకుని నల్లా దగ్గర లైన్లో నిలబడదు. నిజం చెప్పాలంటే ఒకటి రెండు బాగున్నాయి. ఒకదానికైతే ఏడుపు కూడా వచ్చింది. ఆ మాట కావ్యకు చెప్పలేదు.

అలా చూస్తూ చూస్తూ మా చాల్‌లోనే, అంటే ఈ వరస గదుల పాత మేడలోనే, తీసిన సినిమా దగ్గరికి వచ్చాను. అది తీసినప్పుడు నేనిక్కడే ఉన్నాను. మా అమ్మ ఇంకా బతికే ఉంది. షూటింగ్‌వాళ్ళు మా అంతస్తులో అందరినీ కిందికి పంపించి గదులకు తాళాలు వేయించారు. గదుల ముందరి గ్యాలరీలో ఉన్న తులసి కుండీని తీసేయమన్నారు. ఇది ఉంటే కామాటిపురలా కనిపించదట. మా అమ్మ ఆ మాటకు బాల్చీడు నీళ్ళు వాళ్ళ వైర్ల మీద గుమ్మరించబోతే పదిమంది పట్టుకున్నారు. తర్వాత కుండీ తీసి, తాళంచెవి కొంగున కట్టుకుని, సీను అయ్యేదాకా కింద రోడ్డు మీద నిలబడింది. నేను పక్కనే ఉన్నాను.

ఆ సీను వచ్చింది. హీరో కత్తి పట్టుకుని మా గ్యాలరీలో పరిగెత్తుతాడు. వాడి వెనక మా గది తలుపు. తలుపు తీసి ఉంది. గడప మీద ఒక మనిషి మనవైపు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు.

తలుపు తీసి ఉండటం చూసి నాకు మొదట కోపమే వచ్చింది. మా అమ్మ కొంగున తాళంచెవి ఉండగా ఎవడు తీశాడు అనుకున్నాను. ఇంతలో సుజాత సూది ఆపింది.

"వదినా, గాయన ఎవరు? మీ ఇంటోళ్ళ లెక్క చెప్పులు తొడ కింద పెట్టుకున్నడు" అంది.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మా చాల్‌లో గడప బయట చెప్పులు విడిస్తే లోపలికి వెళ్ళి వచ్చేసరికి మాయం. అందుకని మా అమ్మ మాకు చిన్నప్పుడే నేర్పింది. గడప మీద కూర్చుంటే చెప్పులు రెండూ కలిపి ఎడమ తొడ కింద దూర్చి కూర్చోవాలి. ఆ అలవాటు మా ముగ్గురికే ఉంది. పెళ్ళయి పాలమూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన కొత్తలో సుజాత దాన్ని చూసి పగలబడి నవ్వింది. సినిమాలో ఏ జూనియర్ ఆర్టిస్టు అయినా అలా ఎందుకు కూర్చుంటాడు?

ముగ్గురం అన్నాను కదా. నేను, యాదగిరి, మా ఇద్దరి మధ్య మల్లేశ్. సుజాత మల్లేశ్‌ను ఎన్నడూ చూడలేదు. అది ఈ ఇంటికి రాకముందే వాడు వెళ్ళిపోయాడు. ఈ షూటింగ్‌కు కూడా చాలా ఏళ్ళ ముందే.

వాడు వెళ్ళింది ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం దగ్గర. బిల్డింగు పనికి పోనని అన్నాడు. మా నాయన కోపిష్టి. "పనికి పోనోనికి బువ్వెందుకురా" అన్నాడు. మల్లేశ్ కంచంలో చేయి పెట్టినవాడు అలాగే లేచాడు. చేయి కడుక్కున్నాడు, మూలనున్న చెప్పులు తీసి వేసుకుని వెళ్ళిపోయాడు. చెక్క మెట్ల మీద ఆ చెప్పుల చప్పుడు కింది దాకా వినిపించింది. టీ వేళకు వస్తాడులే అని అమ్మ కంచం మీద మూత పెట్టింది. వాడు రాలేదు. నాయన గ్రాంట్ రోడ్‌లో వెతికాడు, పాలమూరులో వెతికాడు, పని జరిగే ప్రతి మేడ దగ్గరా అడిగాడు. తాను అన్న ఆ ఒక్క మాటకు కుమిలి కుమిలి కన్నుమూశాడు.

మా వాళ్ళలో పెత్రమాస నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య నాడు, పోయినవాళ్ళ పేరు మీద బియ్యం ఇస్తాం. పళ్ళెంలో బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, బెల్లం పెట్టి అయ్యగారికి ఇస్తే ఆయన ఒక్కొక్కరి పేరు పలుకుతాడు. ఒకసారి ఆ వరసలో పేరు చేరిందంటే ఇక ఏటా పలకాల్సిందే, వెనక్కి తీయడం ఉండదు. మల్లేశ్ పేరు అందులో కలపనివ్వలేదు మా అమ్మ. పోయేముందు నా చేయి పట్టుకుని ఒకటే మాట చెప్పింది. "చూసినోళ్ళు వచ్చి చెప్పేదాంక వాని పేరు బియ్యంల కలపకుండ్రి." నేను సరేనన్నాను. ఆ మాట మీదే ఉన్నాను.

సినిమాలో మనిషి సంగతి సుజాతతో కొట్టిపారేశాను. ఎవడో తెలుగువాడు షూటింగ్‌లో దూరి ఉంటాడు, మన గల్లీవాడే అయి ఉంటాడు అన్నాను. మనసులో మాత్రం మల్లేశే వచ్చి ఉంటాడా, అమ్మ కింద నిలబడి ఉండగా వాడు పైన గడప మీద కూర్చుని వెళ్ళాడా అని ఉడికిపోయాను. వచ్చినవాడు అమ్మకు కనపడకుండా ఎలా వెళ్ళాడని కోపం కూడా వచ్చింది.

తర్వాత చూసిన సినిమా ఎక్కడో మంచు కురిసే దేశానిది. భాష తెలియదు. కింద ఇంగ్లీషు అక్షరాలు సగం అందితే మిగతా సగం మొహాలు చూసి పోల్చుకునేదాన్ని. ఒక సందులో హత్య జరుగుతుంది. అందరూ లావుపాటి కోట్లు, బూట్లు. ఆ సందు చివర ఒక తలుపు ముందు పలుచటి చొక్కాతో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, కొంచెం పక్కకు తిరిగి, తల వంచుకుని. ఎడమ తొడ కింద చెప్పులు.

నేను లేచి టీవీకి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళాను. తల మీద రెండు సుడులు ఉన్నాయి. మల్లేశ్‌కు రెండు సుడులు. రెండు పెళ్ళిళ్ళవుతాయిరా నీకు అని చిన్నప్పుడు వాడిని ఏడిపించేవాళ్ళం.

భయపడలేదు, నాకు నా మీదే నమ్మకం పోతుందేమోనని కంగారుపడ్డాను. సుజాతను పట్టుకుని ఎలాగో మెట్లు దిగి కళ్ళ డాక్టరుకు చూపించుకున్నాను. కళ్ళు బాగున్నాయన్నాడు. కావ్యకు రెండు సినిమాలూ పెట్టి ఏమీ చెప్పకుండా చూడమన్నాను. ఫోను నుంచి తల ఎత్తి, "హా, వెనకాల ఒకడు కూసున్నడు. ఐతే ఏంది?" అంది. దానికి ఇద్దరూ ఒకటే అనిపించలేదు, కానీ మనిషిని చూసింది. ఆ రెండు చోట్లా దాని కంటికి మనిషి కనపడ్డాడు. ఫోటో తీసి పెట్టుకోవాలని మాకెవరికీ తోచలేదు.

మూడోది తెలుపు నలుపు సినిమా, నేను పుట్టకముందు తీసింది. దొంగలు దాక్కున్న పాత ఇల్లు. ఆ ఇంటి గడప మీద వాడే. ఈసారి తల ఎత్తి ఉన్నాడు. చెంప, ముక్కు కనిపిస్తున్నాయి. వెళ్ళిన నాటి వయసే. బయట ఏం జరుగుతున్నా చూడకుండా తలుపు లోపలికి చూస్తున్నాడు, లోపల ఎవరో ఉన్నట్టు. సుజాత నా భుజం పట్టుకుంది. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

ఇదంతా యాదగిరికి చెప్పకుండా ఉండాల్సింది. సుజాత చెప్పేసింది.

యాదగిరికి అప్పటికే బుర్ర వేడెక్కి ఉంది. కావ్యకు షోలాపూర్ తెలుగువాళ్ళ సంబంధం ఒకటి వచ్చింది. అన్నీ కుదిరాక అడ్రసు విని చల్లగా జారుకున్నారు. అయ్యగారిని అడిగితే, మీ ఇంట్లో ఒక పేరు ఆకలిగా ఉండిపోయింది, అదే అడ్డం పడుతోంది అన్నాడట. సంబంధం చెడగొట్టింది మల్లేశ్ కాదు, ఈ దిక్కుమాలిన సినిమాలు అని నేను మొత్తుకున్నాను. వాడు వినలేదు. పెత్రమాస దగ్గరికి వస్తోంది. ఈసారి అన్న పేరు కలపాల్సిందేనని పట్టుబట్టాడు.

ఒక ఆదివారం వాడే మూడు సినిమాలూ పెట్టమన్నాడు. పెట్టాను. మొదటిది చూసి కదలకుండా కూర్చున్నాడు. రెండోదానికి నోరు తెరిచాడు. మూడోది అయిపోయాక బయట గ్యాలరీలోకి వెళ్ళి కటకటాలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి వచ్చాక వాడి గొంతు మారిపోయింది.

"అక్కా, అన్న ఆకలి మీదున్నడు. గడప కాడ్నే కూసున్నడు, లోపలికి రాలేకపోతున్నడు. మనం పేరు పెట్టి పిలువకపోతే ఎట్లొస్తడు?"

"పిలుద్దాం. బతికున్నోన్ని పిలిచినట్టు పిలుద్దాం. సచ్చినోళ్ళల్ల కలుపుడెందుకు?" అన్నాను.

"బతికున్నోడు నువ్వు పుట్టకముందు సినిమాల ఎట్ల కూసుంటడే?"

వాడి ప్రశ్న కంటే నా ప్రశ్న చిన్నది కాదు.

"సచ్చినోడు చెప్పులు దాచుకుంటడారా? ఎవడెత్తుకపోతడని?"

అమ్మకు మాటిచ్చానని చెప్పాను. చూసినవాళ్ళు చెప్పాలంది కదా, చూసింది నువ్వే కదా అని వాడు నా మొహం మీదే అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్ళంతా మండింది. నేను చూసింది శవాన్ని కాదు. శవాలు నాకు తెలుసు. వాడు గడప మీద కూర్చుని పిలుపు కోసం చూస్తున్నాడు, అంతే. ఆ రోజు నుంచి పెత్రమాస దాకా నేను, నా తమ్ముడు ఒకే గదిలో ఉంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సుజాత ఇద్దరికీ మధ్య మాటలు మోసింది.

పెత్రమాస పొద్దున అయ్యగారు మా అంతస్తుకు వచ్చాడు. గ్యాలరీలో గదుల వారీగా పళ్ళేలు పెట్టారు. సాయంత్రం బతుకమ్మ కోసం తెచ్చిన పువ్వులు ఒక మూల తడిగుడ్డ కింద ఉన్నాయి. యాదగిరి స్నానం చేసి పళ్ళెం ముందు కూర్చున్నాడు. నాయన పేరు చెప్పాడు. అమ్మ పేరు చెప్పాడు. నేను గోడ పట్టుకుని నిలబడి, "ఆగు" అన్నాను. చాల్ అంతా వినేలా అన్నాను.

వాడు నా వైపు తల తిప్పలేదు. కన్నీళ్ళు కారుతున్నాయి. "మల్లేశ్" అన్నాడు. అయ్యగారు ఆ పేరు పలికి, మంత్రం చదివి, నీళ్ళు విడిచాడు. అయిపోయింది. బియ్యం, బెల్లం మూట కట్టుకుని అయ్యగారు పక్కింటి పళ్ళెం దగ్గరికి జరిగాడు.

నేను లోపలికి వచ్చి టీవీ పెట్టాను. యాదగిరి మీద అరవడానికి ముందు మల్లేశ్‌ను ఒకసారి చూడాలనిపించింది. మా చాల్ సినిమాలో ఆ సీను దగ్గరికి వెళ్ళాను. హీరో కత్తి పట్టుకుని పరిగెత్తాడు. వాడి వెనక మా గది తలుపు మూసి ఉంది, తాళం వేసి ఉంది. గడప ఖాళీ.

మంచు దేశం సినిమా పెట్టాను. సందు చివర తలుపు ఉంది, మనిషి లేడు. తెలుపు నలుపు సినిమా పెట్టాను. గడప మీద వెలుతురు పడి ఉంది, అంతే. సుజాత వచ్చి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కావ్య తన ఫోనులో వేరేగా పెట్టి చూసింది, ఆఫీసులో స్నేహితురాలికి ఫోన్ చేసి ఆమె దగ్గరున్నది చూడమంది. ఎక్కడా లేడు. అప్పటిదాకా దేన్నీ లెక్కచేయని పిల్ల, ఆ పూట నా పక్కనే ఆనుకుని కూర్చుంది. యాదగిరి గడప దాకా వచ్చి, మా మొహాలు చూసి, "చూసినవా అక్కా, తిన్నడు. పోయిండు" అన్నాడు. వాడి మొహంలో అంత నెమ్మది నేను ఎన్నడూ చూడలేదు. కొట్టాలనిపించింది.

కావ్యకు తర్వాత సంబంధం కుదిరింది. అబ్బాయిది ఫాక్‌లాండ్ రోడ్. మా లాంటి పేరే ఉన్న పక్క వీధిలో ఉంటూ మా అడ్రసుకు వంక పెట్టడానికి వాడికి మొహం ఎక్కడిది? యాదగిరి మాత్రం అంతా బియ్యం మహిమ అంటాడు. అననీ.

ఆ సినిమాలు ఇప్పటికీ ఉన్నాయి. మధ్యాహ్నాలు పెట్టుకుని చూస్తూనే ఉన్నాను. హంతకుడెవరో నాకు అక్కర్లేదు, తలుపులు చూస్తాను. ఏది నిజమో ఎవరూ నాకు చెప్పలేరు, నేనూ చెప్పలేను. వాడు చచ్చి, ఇన్నేళ్ళు గడప మీద ఆకలితో కూర్చుని, తన పేరు విని తిని వెళ్ళాడో. లేక ఎక్కడో బతికే ఉండి, ఇంట్లోకి రమ్మంటారేమోనని కూర్చున్నవాడు, సొంత తమ్ముడు చచ్చినవాళ్ళలో కలపగానే మళ్ళీ అలిగి లేచాడో. ఏటా ఆ పేరు పలకాల్సిందే ఇక. మొదటిసారి అన్నం ముందు నుంచి లేచిపోయినప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడన్నా వినిపించింది. ఈసారి అది కూడా వినపడలేదు.